చిన్న సంస్థలో పనిచేసేవాళ్లు మానేసి పోకుండా సౌకర్యాలు ఎలా కల్పించాలి?

వరంగల్, హన్మకొండల్లో దుకాణమో, ఆస్పత్రో, జిన్నింగ్ మిల్లో నడిపేవాళ్లను ఎవరిని కదిలించినా ఒకటే మాట: పని నేర్చుకునేదాకా మన దగ్గరుంటారు, నేర్చుకున్నాక హైదరాబాద్ పోతారు. కాజీపేటలో పొద్దున రైలెక్కిన పిల్లగాడు మధ్యాహ్నానికి ఇంటర్వ్యూ ముగించుకుని రాత్రి అన్నానికి ఇల్లు చేరతాడు. మరుసటి నెల "సేటూ, రేపట్నుంచి రాను" అని ఫోన్.

హైదరాబాద్ జీతంతో పోటీపడటం కష్టమే. అయితే ఆ జీతం కనిపించినంత పెద్దదేమీ కాదు. ఇక్కడ 15,000, అక్కడ 20,000 అనుకోండి. హాస్టల్‌కు ఆరేడు వేలు పోతే మిగిలేది ఇక్కడికన్నా తక్కువే. అయినా పోతున్నారు. ఎందుకంటే అక్కడ పేస్లిప్ వస్తుంది, పీఎఫ్ కట్ అవుతుంది, సెలవు అడిగితే ఎవరూ మొహం మాడ్చుకోరు. పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల తరఫువాళ్లు "పీఎఫ్ ఉందా" అని ఆరా తీస్తున్న రోజులివి. బండి లోన్‌కు పోతే బ్యాంకువాళ్లు మూడు నెలల పేస్లిప్పులు పెట్టమంటారు.

కాబట్టి సౌకర్యాలు ఎంచుకునేటప్పుడు ఒక కొలత పెట్టుకోండి: మీ జేబులోంచి పోయేది తక్కువ ఉండాలి, వాళ్లకు అందే మేలు ఎక్కువ ఉండాలి. లెక్కల కోసం 14 మంది పనిచేసే, తలా 15,000 జీతమిచ్చే బట్టల దుకాణం ఒకటి ఉందనుకుందాం.

1. మానేసినవాళ్లను అడగండి

ఉన్నవాళ్లను అడిగితే "అంతా మంచిగనే ఉంది సార్" అంటారు. జీతం మీ చేతిలో ఉన్నప్పుడు ఇంకేమంటారు? పోయినవాళ్లకు ఆ మొహమాటం ఉండదు. గత ఏడాది మానేసినవాళ్లకు ఫోన్ చేయండి. మీకన్నా, వాళ్లతో చనువున్న సీనియర్‌తో చేయిస్తే ఇంకా మేలు. "ఎందుకు మానేశావ్" అని అడిగితే జీతం అనేస్తారు, మాట అక్కడితో ఆగిపోతుంది. "మానేద్దామని మొదటిసారి ఎప్పుడనిపించింది" అని అడగండి. చెల్లె పెండ్లికి అడ్వాన్స్ దొరకని రోజో, జ్వరమొచ్చి రాకపోతే జీతం కోసిన రోజో బయటికొస్తుంది. మీరు దిద్దుకోవాల్సింది అదే.

2. చట్టం ప్రకారం ఇవ్వాల్సినవి ముందు సరిచేయండి

చాలామంది యజమానులు పీఎఫ్‌ను, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా)ని తమ దయగా చెప్పుకుంటారు. అవి ఇవ్వాల్సినవే. అయినా వాటిని సరిగ్గా ఇచ్చే చిన్న సంస్థలు తక్కువ కాబట్టి, ఇస్తే అదే మీకు పేరు తెస్తుంది.

పదిమంది, ఆపైన ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లంతా అందులోకి వస్తారు. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. మన దుకాణంలో ఒక్కొక్కరి మీద మీకు పడేది 488 రూపాయలు, వాళ్ల జీతంలోంచి పోయేది 113. పద్నాలుగు మందికీ కలిపి నెలకు 6,832. దీనికి బదులుగా ఉద్యోగికీ కుటుంబానికీ వైద్యం, జబ్బుపడి రాలేకపోతే ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం అందుతాయి. ప్రసవానికైతే 26 వారాల పూర్తి వేతనం. ఇక్కడ యజమానులు పట్టించుకోని సంగతి ఒకటుంది. "ఆడపిల్లల్ని పెట్టుకుంటే ఆర్నెల్లు ఊరికే జీతమివ్వాలి" అని భయపడతారు గానీ, ఈఎస్ఐ కడుతుంటే ఆ డబ్బు ఇచ్చేది ఈఎస్ఐ సంస్థే. కట్టకుండా మిగుల్చుకున్నవాళ్ల మీదే ఆ భారం పడుతుంది.

పీఎఫ్ 20 మంది, ఆపైన ఉంటే తప్పనిసరి. ఉద్యోగి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. యజమాని కట్టే ఆ 12 శాతంలోంచి, వేతనంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుంది. దీనితోపాటు వచ్చే ఈడీఎల్ఐ బీమా కింద, ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల వరకు వస్తుంది. ఇది ఉందని పీఎఫ్ కట్టేవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఇరవై మంది లేకపోయినా, యజమానీ ఉద్యోగులూ ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరవచ్చు.

చేరితే సరిపోదు, డబ్బు జమైందని వాళ్లకు కనిపించాలి. యూఏఎన్‌కు (ఉద్యోగి పీఎఫ్ నంబరుకు) ఆధార్, బ్యాంకు ఖాతా జతచేయించి, రిజిస్టరైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇప్పించండి. బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ ఇంట్లోవాళ్లకు చూపించుకుంటారు. మీరు పెట్టే ఏ మీటింగ్ కన్నా అది గట్టిగా పనిచేస్తుంది.

గ్రాచ్యుటీ (ఏళ్లపాటు చేసి మానేసేవాళ్లకు ఇచ్చే మొత్తం) సంగతి పదిమంది, ఆపైన ఉన్న ప్రతి సంస్థా తెలుసుకోవాలి. ఐదేళ్లు నిండినవాళ్లకు, చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు చేశారో అన్నిరెట్లు ఇవ్వాలి. 15,000 వేతనంతో ఆరేళ్లు చేసినవాళ్లకు దాదాపు 51,900 వస్తుంది. "నాలుగేళ్లయింది, ఇంకో ఏడాది ఆగితే ఇంత" అని కాగితం మీద వేసి చూపించిన యజమానిని నేనింతవరకు చూడలేదు. ఐదో ఏడు నిండకుండానే సాగనంపుదామని చూసేవాళ్లను మాత్రం చూశాను. పని వచ్చినవాణ్ని పంపేసి కొత్తవాడికి మళ్లీ అఆలు నేర్పించడం ఏ లెక్కన లాభమో వాళ్లకే తెలియాలి.

2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. మానేసినవాళ్ల బాకీ జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాచ్యుటీ హక్కు వస్తుంది. అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటినంత భాగాన్నీ వేతనం కిందే లెక్కపెట్టాలి. బేసిక్ తగ్గించి పీఎఫ్, గ్రాచ్యుటీ మిగుల్చుకునే పాత కిటుకు ఇక సాగదు. మీ ఆడిటర్‌తో ఒకసారి కూర్చుని జీతాల పట్టిక దిద్దించుకోండి.

3. అడ్వాన్సుకు ఒక పద్ధతి పెట్టండి

నన్నడిగితే చిన్న సంస్థలో అన్నిటికన్నా విలువైన సౌకర్యం ఇదే. జూన్ వస్తే బడి ఫీజులు, అప్పుడే ఊళ్లో పత్తి విత్తనాలు, ఎరువులు. పెండ్లిళ్లు సరేసరి. అందరూ సేటు దగ్గరికే వస్తారు. సేటు మూడ్ బాగుంటే ఇస్తాడు, లేకపోతే లేదు. అడిగినవాళ్లకు ఇద్దరి ముందు చిన్నతనం, మీకు రోజూ తలనొప్పి.

లెక్క చూడండి. 30,000 బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 900. పది నెలల తర్వాత ఒకేసారి తీరిస్తే వడ్డీయే 9,000. అదే మీరు వడ్డీ లేకుండా ఇచ్చి, నెలకు 3,000 చొప్పున పది నెలల్లో జీతంలో పట్టుకుంటే, ఆ డబ్బు మీద బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతం వేసుకున్నా మీకు పడే భారం 1,650. వాళ్లకు మిగిలింది తొమ్మిది వేలు, మీకు పోయింది దానిలో ఐదో వంతు కూడా కాదు.

నియమాలు నాలుగు ముక్కల్లో రాయండి: ఏడాది సర్వీసు నిండినవాళ్లకు, రెండు నెలల జీతం దాటకుండా, పది వాయిదాల్లో, పాతది తీరాకే కొత్తది. అడిగిన రెండు రోజుల్లో అవునో కాదో చెప్పేయాలి. పుస్తకంలో ఇద్దరి సంతకాలూ ఉండాలి. నెలకు ఎంతమందికి ఇవ్వగలరో ముందే అనుకుంటే జూన్‌లో గల్లా ఖాళీ కాదు.

ఒక హెచ్చరిక. బాకీ తీరేదాకా మానేయడానికి వీల్లేదని కట్టిపడేస్తే అది వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. 1976 నాటి చట్టం దాన్ని నేరంగా చూస్తుంది. మానేస్తానంటే మిగిలిన బాకీకి వాయిదాలు రాయించుకుని పంపండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే అలవాటు కొన్ని ఆస్పత్రుల్లో, బడుల్లో ఇంకా ఉంది. నర్సు వెళ్లదేమో గానీ, ఈ సంగతి తెలిసిన ఇంకో నర్సు మీ గడప తొక్కదు.

4. సెలవులు, ఆఖరి బస్సు

బతుకమ్మ, దసరా రోజుల్లో బట్టల దుకాణంలో కాలు పెట్టే సందుండదు. అప్పుడే అందరికీ సెలవు కావాలి. సమస్యను ఆ వారం దాకా లాగితే గొడవే. ఆగస్టులోనే పట్టిక వేయండి. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లకు మధ్యాహ్నం నుంచి సెలవు, దసరా ముందు అదనంగా చేసిన ప్రతి రోజుకూ పండుగ తర్వాత ఒక రోజు. మేడారం రెండేళ్లకోసారే వస్తుంది, తేదీలు ముందే తెలుస్తాయి. ఆ నాలుగు రోజులు సగం మంది ఉండరని ఒప్పుకుని రెండు జట్లుగా పంపండి. సెలవు ఇవ్వకపోయినా సమ్మక్కకు మొక్కినవాళ్లు ఆగరు, చెప్పకుండా పోతారు.

ఇక రోజువారీ సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. దాంతో పరకాల, నర్సంపేట వైపు ఊళ్ల నుంచి రోజూ వచ్చిపోవడానికి ఖర్చు అడ్డం కాదు, టైమే అడ్డం. ఎనిమిది దాటితే కౌంటర్ దగ్గరి అమ్మాయి చూపు చీర మీద ఉండదు, గోడ గడియారం మీద ఉంటుంది. ఎవరి ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో రాసుకుని, దానికి అరగంట ముందు వాళ్లను వదిలేయండి. వాళ్ల బదులు దగ్గర్లో ఉండేవాళ్లను పొద్దున ఆలస్యంగా రమ్మని మూసేదాకా ఉంచండి. పైసా ఖర్చు లేదు. ఇంట్లోవాళ్లు "ఆ దుకాణమే మంచిది, టైంకు పంపిస్తారు" అనుకున్నారంటే ఆ అమ్మాయి ఇంకో దుకాణం వైపు చూడదు.

5. తక్కువ ఖర్చు బీమా

ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. జీవన్ జ్యోతి బీమా 436 రూపాయలు, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. మొదటిదానికి 18 నుంచి 70 ఏళ్లు, రెండోదానికి 18 నుంచి 50 ఏళ్ల లోపువాళ్లు అర్హులు. పద్నాలుగు మందికీ రెండూ కట్టినా ఏడాదికి 6,384. ప్రీమియం ఉద్యోగి ఖాతాలోంచే పోతుంది కాబట్టి, మే మొదటి వారం ఇచ్చే జీతంతో కలిపి 456 వేసి, ఖాతాలో ఆ డబ్బు ఉంచుకోమని చెప్పండి. ఖాతా ఖాళీగా ఉంటే పాలసీ ఆగిపోతుంది.

గ్రూప్ హెల్త్ పాలసీ అందరికీ అక్కర్లేదు. 21,000 లోపు జీతాలకు ఈఎస్ఐ ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి కూడా 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలైంది. ఈఎస్ఐ పరిధి దాటిన మేనేజర్‌కు, అకౌంటెంట్‌కు తీసుకుంటే చాలు. నిజానికి హైదరాబాద్ వాళ్లు ముందు ఎగరేసుకుపోయేది వాళ్లనే.

6. బోనస్ లెక్క ముందే తెలియాలి

భూపాలపల్లి, గోదావరిఖని, మంచిర్యాల వైపు చుట్టాలున్న ప్రతి ఇంట్లోనూ దసరా ముందు సింగరేణి లాభాల వాటా గురించే మాటలు. 2024లో 33 శాతం కింద 796 కోట్లు ప్రకటించారు, కాంట్రాక్టు కార్మికులకూ మొదటిసారి 5,000 ఇచ్చారు. మన దుకాణం సింగరేణి కాదు. కానీ అక్కడివాళ్లకు ఎంత శాతమో తెలుస్తుంది, మన దగ్గర కవరు విప్పేదాకా ఎవరికీ ఏమీ తెలియదు.

20 మంది, ఆపైన ఉన్న సంస్థలో, జీతం 21,000 దాటనివాళ్లకు బోనస్ కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం. అంతమంది లేని దుకాణాలు కూడా ఒక సూత్రం పెట్టుకోవచ్చు: అమ్మకాలు ఇంత దాటితే అర నెల జీతం, ఇంకింత దాటితే నెల జీతం. పండుగకు పదిరోజుల ముందే ఖాతాలో వేయండి. సద్దుల బతుకమ్మ ముందు రోజు ఇస్తే కొత్త చీర కొనే టైమెక్కడిది?

7. రాసి గోడకు పెట్టండి

ఇప్పటిదాకా అనుకున్నవన్నీ తెలుగులో ఒక పేజీలో రాసి, పంచింగ్ మిషన్ పక్కన అతికించండి. కొత్తగా చేరేవాళ్లకు నియామక పత్రంతోపాటు ఒక కాపీ ఇవ్వండి. ఎవరికి వర్తిస్తుందో, ఎన్ని నెలల తర్వాతో, ఎవరిని అడగాలో ఉంటే చాలు. నెలనెలా ఇచ్చే పేస్లిప్‌లో పీఎఫ్, ఈఎస్ఐలకు మీరు కట్టినది కూడా ఒక గడిలో చూపండి. 15,000 తీసుకునేవాళ్లకు తమ మీద మీరు పెట్టేది అంతకన్నా ఎక్కువని కనిపించే చోటు అదొక్కటే.

ఇప్పటికే పీఎఫ్ కడుతున్న మిల్లులు, ఆస్పత్రులు ఇంకో సంగతి చూసుకోవాలి. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు కొత్తగా ఉద్యోగాలిస్తే ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద కేంద్రం డబ్బిస్తోంది. 50 మంది లోపున్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా పెంచి, ఆరు నెలలు నిలబెట్టుకోవాలి. పీఎఫ్ వేతనం 10,000 దాటి 20,000 వరకు ఉంటే ఒక్కొక్కరి మీద నెలకు 2,000 చొప్పున రెండేళ్లు, తయారీ రంగమైతే నాలుగేళ్లు సంస్థకు వస్తుంది. 15,000 వేతనం మీద యజమాని కట్టే పీఎఫ్ ఇతర ఛార్జీలతో కలిపి 1,950 దాకా ఉంటుంది కాబట్టి, ఆ ఇద్దరి పీఎఫ్ ఖర్చు దీంతోనే వెళ్లిపోతుంది. తొలిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకు విడిగా, రెండు విడతల్లో 15,000 వరకు ఇస్తారు. మొదటి విడత ఆరు నెలలు నిండాక, రెండోది పన్నెండు నెలలు నిండి, ఆర్థిక అవగాహన పాఠం పూర్తిచేశాక. ఈ మాట చేరిన రోజే వాళ్లకు చెప్పండి.