కారు ప్రమాదం: కారణాలు, ఖర్చులు, వాటిని తగ్గించుకోవడం ఎలా?

ప్రమాదం జరిగాక షెడ్డులో ఎస్టిమేషన్ కాగితం చేతిలో పెట్టగానే గుండె గుభేల్మంటుంది. కానీ బంపర్, బానెట్, లైట్ల ఖర్చు ఎంతైనా ఏదో ఒక రోజు తీరిపోతుంది. ఆస్పత్రి బిల్లు, నెలల తరబడి ఆగిపోయిన సంపాదన, ఎదుటివాళ్ల కుటుంబానికి కోర్టు కట్టమన్న పరిహారం అలా తీరవు. ఇల్లూ పొలమూ అమ్మిస్తాయి.

స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడు, పాలసీ కొనేటప్పుడు, గుద్దుకున్న తర్వాత మొదటి గంటలో మనం ఏం చేస్తామన్నదాని మీదే ఈ ఖర్చులో చాలా భాగం ఆధారపడి ఉంటుంది. అదే వరుసలో చూద్దాం.

1. వేగాన్ని మీటర్లలో లెక్కేసుకోండి

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ఆ మరణాల్లో సుమారు 71 శాతానికి అతివేగమే కారణమని అందులో ఉంది. అతివేగం అన్న మాట విని విని మనకు పట్టకుండా పోయింది కాబట్టి ఒకసారి మీటర్లలో చూడండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఏదో కనిపించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ కాస్తలోనే 25 మీటర్లు దాటిపోతాం. అక్కడి నుంచి పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, ఇంకో 20 మీటర్లకు కారు ఆగుతుంది. మొత్తం 45 మీటర్లు. అదే 100 మీద వెళ్తుంటే బ్రేకు నొక్కేలోపే 42 మీటర్లు, ఆగడానికి మరో 55 మీటర్లు. వేగం రెట్టింపు కాలేదు గానీ, ఆగే దూరం రెట్టింపు దాటిపోయింది. వానలో ఇది ఇంకా పెరుగుతుంది.

హైవే మీద ముందు కారుకూ మీకూ ఎంత దూరం ఉందో తెలుసుకోవడం తేలికే. ముందు కారు ఒక స్తంభాన్ని దాటగానే నెమ్మదిగా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మూడు అనకముందే మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే మరీ దగ్గరగా వెళ్తున్నట్టే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కుడివైపు లేన్లలో 120 దాకా అనుమతి ఉన్నా, ఈ దూరం పాటించకపోతే ఆ అనుమతి మిమ్మల్ని కాపాడదు.

2. రాత్రి ప్రయాణం ఎలా చేయాలో ముందే అనుకోండి

మన రెండు రాష్ట్రాల వాళ్లు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడేనని నా అభిప్రాయం. పండక్కి ఊరికనో, తిరుమల దర్శనానికనో పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి భోంచేసి పది గంటలకు బయలుదేరతాం. తెల్లారేసరికి చేరిపోవచ్చు, ట్రాఫిక్ ఉండదు, పిల్లలు నిద్రపోతారు అనుకుంటాం. కానీ తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్ర కోరుకుంటుంది. 100 వేగంలో మూడు సెకన్ల కునుకు పడితే కారు 80 మీటర్లకు పైగా దానంతటది వెళ్లిపోతుంది.

కునుకు వచ్చే ముందు కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఇప్పుడే దాటిన ఊరి బోర్డు గుర్తుండదు. కారు తెల్ల గీత మీదికి వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంటుంది. ఆవలింతలు ఆగవు. అద్దాలు దించడం, పాటల సౌండ్ పెంచడం దీనికి మందు కాదు. టీ తాగినా అది పనిచేయడానికి కొంతసేపు పడుతుంది. టోల్ ప్లాజా దగ్గరో, పెట్రోల్ బంకులోనో ఆపి టీ తాగి, సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు పడుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు 'ఎంతసేపు ఆపుతావ్ రా' అన్నా సరే, ఆపండి. బండి నడిపేవాళ్ల పక్క సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోకుండా మాట్లాడుతూ ఉండాలి.

రాత్రిపూట ఇంకో గండం రోడ్డు పక్కన, ఒక్కోసారి రోడ్డు మీదే ఆగి ఉన్న లారీ. వెనక లైట్లు వెలగవు, రేడియం స్టిక్కర్లు దుమ్ముపట్టి ఉంటాయి. కారు దాన్ని గుద్దుకుంటే బానెట్ లారీ కిందికి దూరిపోతుంది, లారీ బాడీ అంచు నేరుగా ముందు అద్దానికి తగులుతుంది. బంపర్, ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్నా అవి చేయాల్సిన పని పూర్తిగా చేయలేవు. లో బీమ్‌లో రోడ్డు స్పష్టంగా కనిపించేది సుమారు 50 మీటర్లే. 80 వేగంలో ఆగడానికి దాదాపు 70 మీటర్లు కావాలి. అంటే లారీ కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. ఎదురు బండ్లు లేని చోట హై బీమ్ వాడండి, లో బీమ్‌లో ఉన్నప్పుడు 60 దాటకండి.

కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి పట్టా కప్పుతారు. లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, గేదెలు ఉండనే ఉంటాయి. అలాంటి రోడ్డు మీద చీకటి పడ్డాక వేగంగా వెళ్లడమంటే చూడకుండా వెళ్లడమే.

3. మిగతా కారణాలు

ఫోన్ చూస్తూ నడపడం, యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో రావడం, మలుపులో ఓవర్‌టేక్ చేయడం, మందు తాగి నడపడం గురించి అందరికీ తెలుసు. తాగి దొరికితే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. కానీ తాగి ప్రమాదం చేస్తే కారు రిపేరుకు ఇన్సూరెన్స్ కంపెనీ పైసా ఇవ్వదన్నది చాలామందికి గుర్తుండదు.

టైర్ల సంగతి మాత్రం ఒక్క నిమిషం ఆగి చదవండి. గాలి తక్కువైన టైరు పక్కలు ఎక్కువగా వంగి వేడెక్కుతాయి. ఎండాకాలం, నిండా జనం, లగేజీ, వేగం అన్నీ కలిస్తే అది పేలిపోవచ్చు. బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించండి. ఎంత కొట్టించాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది.

4. వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకోండి

2022 సెప్టెంబర్ 4న ముంబై దగ్గర పాల్ఘర్ జిల్లాలో కారు వంతెన గోడను గుద్దుకుని పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఖరీదైన కారు, అన్ని ఏర్పాట్లూ ఉన్నాయి. వెనక సీట్లో ఉన్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు, ఇద్దరూ పోయారు. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బతికారు. అదే ఏడాది దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మందని మొదట చెప్పిన రవాణా శాఖ నివేదికలోనే ఉంది. వాళ్లలో దాదాపు సగం మంది ప్రయాణికులే. బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల చలానా అని ఆలోచించకండి. వెనకవాళ్లు ఎగిరి ముందు సీటు మీద పడితే ముందున్నవాళ్ల ప్రాణం కూడా పోతుంది. పసిపిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. బ్రేకు గట్టిగా పడితే ఏ చేతులూ వాళ్లను ఆపలేవు.

5. పాలసీ కాగితం తీసి చదవండి

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి. మీ కారు వల్ల ఎదుటివారికి జరిగిన నష్టాన్ని అది భరిస్తుంది. ప్రాణనష్టానికి, గాయాలకు పరిమితి లేదు. ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా. మీ కారు రిపేరుకు మాత్రం ఒక్క రూపాయి రాదు. దానికి జనం 'ఫుల్ ఇన్సూరెన్స్' అని పిలిచే ఓన్ డ్యామేజ్ కవర్ ఉండాలి. బండి నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉండాలి.

థర్డ్ పార్టీ పాలసీ లేకుండా కారు తీస్తే ఎంత నష్టమో ఒక ఉదాహరణ చూడండి. మీ కారు తగిలి 32 ఏళ్ల చిరు వ్యాపారి చనిపోయాడనుకుందాం. నెలకు 25,000 సంపాదన, మీద ఆధారపడింది భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సుప్రీంకోర్టు తీర్పులు చెప్పిన పద్ధతిలో ఏడాది ఆదాయం 3,00,000. భవిష్యత్తు ఎదుగుదల కింద 40 శాతం కలిపితే 4,20,000. సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 3,15,000. ఆ వయసుకు 16తో గుణిస్తే 50,40,000. దీనిపై అంత్యక్రియల ఖర్చులాంటివి, వడ్డీ అదనం. పాలసీ లేకపోతే ఈ డబ్బంతా యజమానే కట్టాలి. డ్రైవర్‌కు సరైన లైసెన్స్ లేకపోతే కంపెనీ బాధితులకు చెల్లించి మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. తెల్ల నంబర్ ప్లేటు కారును కిరాయికి తిప్పితే రిపేరు క్లెయిమ్ తిరస్కరిస్తారు. సెకండ్ హ్యాండ్ కారు కొంటే 14 రోజుల్లో పాలసీని మీ పేరు మీదికి మార్పించుకోవాలి.

6. షెడ్డు బిల్లులో మీ వాటా ఎంతో తెలుసుకోండి

'ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ఇంకా నేనెందుకు కట్టాలి?' అని షెడ్డు కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లు ఎందరో. దీనికి కారణం తరుగు, అంటే భాగం పాతబడే కొద్దీ దాని విలువలో కంపెనీ కోసే మొత్తం. ఐదో ఏడు నడుస్తున్న, 1,500 సీసీ లోపు కారు ముందు భాగం దెబ్బతింది అనుకోండి. అంకెలు ఉదాహరణకే, జీఎస్టీ కలపలేదు.

- బంపర్ 8,000: ప్లాస్టిక్‌కు సగం తరుగు, మీ వాటా 4,000
- హెడ్‌లైట్లు 10,000: ప్లాస్టిక్ కిందే లెక్కేస్తే మీ వాటా 5,000
- బానెట్ 12,000: నాలుగేళ్లు దాటిన కారు ఇనుప భాగాలకు 35 శాతం, మీ వాటా 4,200
- ముందు అద్దం 7,000: అద్దానికి తరుగు లేదు
- పెయింటింగ్ 12,000: అందులో నాలుగో వంతును రంగు ఖరీదుగా తీసుకుని దానికి సగం తరుగు, మీ వాటా 1,500
- టింకరింగ్, లేబర్ 6,000: తరుగు లేదు
- తప్పనిసరి మినహాయింపు (క్లెయిమ్‌లో ఎలాగైనా మీరే కట్టాల్సింది): 1,000

మొత్తం 55,000 బిల్లులో మీ చేతి నుంచి 15,700 పోతుంది. షోరూమ్ వాళ్లు 'బంపర్ టు బంపర్' అనే జీరో డిప్రిసియేషన్, అంటే తరుగు కోయని కవర్ ఉంటే ఆ వెయ్యి, క్లిప్పులూ ఆయిల్ లాంటి చిల్లర మాత్రమే మీరు కడతారు. ఐదేళ్ల లోపు కారుకు ఇది తీసుకోవడమే మంచిది.

చిన్న గీతకు క్లెయిమ్ చేసే ముందు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతుందో చూసుకోండి. సొంత నష్టం ప్రీమియం 10,000, మీకు 50 శాతం బోనస్ ఉందనుకుందాం. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది. మళ్లీ 20, 25, 35, 45 మీదుగా 50కి చేరేసరికి ప్రీమియం మారకపోతే మొత్తం 12,500 ఎక్కువ కడతారు. నాలుగు వేల పనికి క్లెయిమ్ పెట్టడం నష్టమే.

7. ప్రమాదం జరిగితే మొదటి గంటలో ఏం చేయాలి?

ఇంజిన్ ఆపండి, హజార్డ్ లైట్లు వేయండి. హైవే అయితే అందరినీ రెయిలింగ్ అవతలికి పంపి, వెనక కనీసం 50 మీటర్ల దూరంలో ట్రయాంగిల్ పెట్టండి. మొదటి ప్రమాదంలో బయటపడి, రోడ్డు మీద నిలబడి వాదించుకుంటూ వెనక వచ్చే బండి కింద పడినవాళ్లున్నారు.

గాయపడినవాళ్లుంటే 108 లేదా 112, జాతీయ రహదారి మీద అయితే 1033. 2025లో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశించిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు 1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఉంది. అడ్వాన్స్ కట్టమంటే ఈ మాట అడగండి. బాధితుణ్ని ఆస్పత్రికి చేర్చినవాళ్లను పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. చట్టం వాళ్లకు రక్షణ ఇచ్చింది.

మీ వల్ల దెబ్బ తగిలితే పారిపోవద్దు. జనం మీద పడి కొడతారన్న భయం నిజంగా ఉంటే నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి చెప్పండి. ఎలాగూ 24 గంటల్లోపు పోలీసులకు తెలపాల్సిందే.

కార్లు కదపకముందే ఫొటోలు తీయండి: రెండు నంబర్ ప్లేట్లు, దెబ్బతిన్న చోట్లు, కాస్త దూరం నుంచి రోడ్డు మొత్తం, టైరు గీతలు. ఎదుటి డ్రైవర్ లైసెన్స్, ఇన్సూరెన్స్ కూడా ఫొటో తీసుకోండి. పెద్ద మనుషులు వచ్చి 'ఇక్కడే తేల్చుకోండి' అని తెల్ల కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి. ఇన్సూరెన్స్ కంపెనీకి అక్కడి నుంచే ఫోన్ చేయండి.

రేడియేటర్ నీళ్లు కారుతుంటే 'షెడ్డు దగ్గరే కదా' అని నడపకండి. ఇంజిన్ వేడెక్కి పట్టేస్తే, అది ప్రమాదం వల్ల కాదు, మీరు నడపడం వల్ల అని కంపెనీ ఆ ఖర్చు ఇవ్వదు. క్రేన్ పిలవండి.

8. క్లెయిమ్‌ను చివరిదాకా వెంటాడండి

నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చూసేదాకా రిపేరు మొదలుపెట్టనివ్వకండి. భాగాలు విప్పాక లోపల బయటపడిన నష్టాన్ని కూడా ఆయనకు చూపించమని షెడ్డువాళ్లకు చెప్పండి. అప్పుడు చూపించకపోతే తర్వాత ఒప్పుకోరు. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటితే కారును పూర్తి నష్టం కింద లెక్కేస్తారు. పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించి ఉంటే ఇక్కడ నష్టపోతారు.

గాయాలు లేదా మరణం జరిగిన కేసులో పరిహారానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్‌కు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. ఎఫ్‌ఐఆర్, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు, జీతం కాగితాలు మొదటి రోజు నుంచే ఒక ఫైల్లో పెట్టండి. గుద్దిన బండి దొరక్కుండా పోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ప్రభుత్వ పథకం కింద వస్తాయి.

కంపెనీ కోత పెడితే సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి, ఏ భాగానికి ఎంత తగ్గించారో పై లెక్కతో సరిచూసుకోండి. తేడా ఉంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం ఆ కార్యాలయం కిందికే వస్తాయి. ఫీజు లేదు, లాయర్ అవసరం లేదు. ఏడాది లోపు రాయాలి.