ట్రైలర్ రివర్స్ – మూడో పాఠం: మడత పెట్టడం, ఆపడం, విప్పడం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను, ఖాళీ యార్డులో 50 మీటర్లు నేరుగా వెనక్కి రమ్మని. చేసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. నేరుగా రావాలంటే స్టీరింగ్ బిగబట్టుకుని కూర్చుంటే కుదరదు. ట్రైలర్ ఏ అద్దంలో ఎక్కువగా కనబడటం మొదలవుతుందో, ఆ అద్దం వైపుకే స్టీరింగ్ కాస్త తిప్పి వెంటనే వెనక్కి తెచ్చుకోవాలి. ఇది ఇంకా ఆలోచించి చేస్తున్నారంటే, ఇక్కడే ఆగి ఇంకో రెండు రోజులు ఆ పనే చెయ్యండి. ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈరోజు పని, డ్రైవర్ వైపున్న బేలోకి (సరుకు దించడానికో ఎక్కించడానికో బండి వెనక్కి పెట్టే గళ్లలోకి) వంపు తిరిగి వెళ్లడం. మీ సీటు కుడివైపు ఉందనుకునే రాస్తున్నాను. ఎడమ సీటు బండి నడిపేవాళ్లు పాఠమంతా కుడిఎడమలు తారుమారు చేసి చదువుకోండి.

ముందుగా ఒక మాట ఖాయం చేసుకుందాం. ముందు బండికీ (పుల్లర్ అనండి, హార్స్ అనండి, మీ ఇష్టం) వెనక ట్రైలర్‌కీ మధ్య ఏర్పడే కోణాన్ని ఇకనుంచి ‘మడత’ అంటాను. రెండూ ఒకే గీతమీద ఉంటే మడత సున్నా. ఎల్ ఆకారంలో ఉంటే మడత 90 డిగ్రీలు, అక్కడిదాకా మనం ఎప్పుడూ పోము. రివర్స్ అంటే ఈ మడతతో మూడు పనులు: పెట్టడం, ఒకచోట ఆపడం, విప్పడం. మొదటిది ఒక పూటలో వస్తుంది. కొత్తవాళ్లు వారాల తరబడి తంటాలు పడేది రెండోదానితో.

కర్ర ఆట

చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడే ఉంటారు. కర్ర ఒరగడం మొదలవగానే చెయ్యి కూడా అటే జరపాలి. ఆలస్యం చేస్తే ఎంత పరిగెత్తినా అందదు. అదే కర్రను పైకొసన పట్టుకుని వేలాడదీస్తే, కాసేపు ఊగి దానంతటదే నిటారుగా నిలుస్తుంది.

ట్రైలర్‌ను ముందుకు లాగడం వేలాడే కర్ర లాంటిది. మీరేమీ చెయ్యకపోయినా అది వరసలోకి వస్తుంది. వెనక్కి నెట్టడం అరచేతిలో కర్ర లాంటిది. ఏ కాస్త మడత ఉన్నా పెరుగుతూనే పోతుంది. ఇంకో పోలిక కూడా కుదురుతుంది. పొడుగు కర్ర నిలబెట్టడం తేలిక, పెన్సిల్ నిలబెట్టడం దాదాపు అసాధ్యం. పొడుగు ట్రైలర్ మెల్లగా మడతపడుతుంది, పొట్టిది చటుక్కున తిరిగిపోతుంది. చూడ్డానికి భయం పుట్టించే 40 అడుగుల బండే కొత్తవాడికి మంచిది.

స్టీరింగ్ నిటారుగా ఉన్నా మడత ఆగదు

కొత్తవాళ్లలో నూటికి తొంభైమంది పొరపడేది ఇక్కడే అంటాను (లెక్కకట్టలేదు, చూసిన మీద చెప్తున్నా). ట్రైలర్ తోక కుడికి పోవాలని స్టీరింగ్ ఎడమకు కొడతారు. తోక కుడికి తిరుగుతుంది. ‘చాలు’ అనిపించగానే స్టీరింగ్ నిటారుగా తెచ్చి, ఇక మడత అక్కడే ఉంటుందని నమ్ముతారు. ఉండదు. పెరుగుతూనే ఉంటుంది.

లెక్కగా చూద్దాం. కింగ్‌పిన్ (ట్రైలర్‌ను ముందు బండికి తగిలించే ఇనప మేకు) నుంచి ట్రైలర్ ఇరుసుల మధ్యభాగం దాకా 7.7 మీటర్లు ఉన్న బండి తీసుకోండి. ముందు చక్రాలు పూర్తిగా నిటారుగా ఉంచి వెనక్కి వస్తే, 5 డిగ్రీల మడత 30 అవడానికి సుమారు 14 మీటర్లు పడుతుంది. 30 నుంచి 60కి మాత్రం 6 మీటర్లే. అక్కడినుంచి 90కి నాలుగు మీటర్ల పైచిలుకు. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత అంతా ఒక్కసారే జరిగిపోతుంది. కొత్తవాడు ఆ మొదటి 14 మీటర్లలో ‘ఇది తిరగట్లేదేంటి’ అని విసుగుపడి స్టీరింగ్ ఇంకా కొడతాడు. దాని ఫలితం ఆ తర్వాతి ఆరు మీటర్లలో కనబడుతుంది.

నాకూ కనబడింది. నేర్చుకునే రోజుల్లో ఒకసారి, స్టీరింగ్ నిటారుగా తెచ్చేశాను కదా అన్న ధీమాతో అద్దంలో తోక వంకే చూస్తూ వెనక్కి వచ్చాను. క్యాబిన్ వెనక టప్‌మని చప్పుడు, ఆ వెంటనే బుస్సుమని గాలి. ట్రైలర్‌కు బ్రేకుల గాలి అందించే ఎర్ర ఎయిర్ పైపు తెగిపోయింది, ట్రైలర్ బ్రేకులు పట్టేశాయి, బండి ఎల్ ఆకారంలో యార్డు మధ్యలో మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. నాకు నేర్పిన పెద్దాయన దూరంగా నిలబడి చూస్తున్నాడు, ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండుననిపించింది.

మరి మడత ఆగాలంటే? స్టీరింగ్ నిటారును దాటి కుడికి పోవాలి. తోక కుడికి తిరుగుతోంది కాబట్టి, ముందు బండి కూడా అదే వేగంతో దాని వెంట తిరగాలి. అప్పుడే ఇద్దరి మధ్య కోణం మారకుండా ఉంటుంది. దీన్ని ‘తోక వెంట పోవడం’ అందాం. ఎంత కుడికి? పైన చెప్పిన ట్రైలర్‌కు, ముందు వెనక ఇరుసుల మధ్య 3.6 మీటర్లున్న పుల్లర్ తగిలిస్తే, 30 డిగ్రీల మడత ఆపడానికి ముందు చక్రాలు సుమారు 13 డిగ్రీలు తిరగాలి. స్టీరింగ్ 20 డిగ్రీలు తిప్పితే చక్రం ఒక డిగ్రీ తిరిగే బండైతే, అది స్టీరింగ్‌కు ముప్పావు చుట్టు అన్నమాట. 60 డిగ్రీల మడత ఆపాలంటే చక్రాలు 22 డిగ్రీలు, అంటే చుట్టుంపావు. ఈ అంకెలు బట్టీ పట్టనక్కర్లేదు. ‘కొంచెం కుడికి’ అంటే సరిపోదని, చేతి నిండా తిప్పాల్సి వస్తుందని గుర్తుంటే చాలు. అంతకంటే ఎక్కువ తిప్పితే మడత విప్పుకోవడం మొదలవుతుంది, తక్కువైతే పెరుగుతుంది.

మొదటి పాఠంలో ఒక చిట్కా చెప్పాను: స్టీరింగ్ కింది అంచున చెయ్యి పెట్టండి, చెయ్యి ఎటు పోతే తోక అటు పోతుందని. నేరుగా వచ్చేటప్పుడు అది బాగా పనికొస్తుంది. వంపులో దాన్ని వదిలెయ్యండి. తోక కుడికి పోతుండగా దాని వెంట పోవడానికి చెయ్యి ఎడమకు లాగాల్సి వస్తే బుర్ర తికమకపడుతుంది. ఈ పాఠం నుంచి చేతులు మామూలు చోటే, ఆలోచన ముందు చక్రాల మీద.

అద్దంలో ఏం చూడాలి

మడత కుడివైపు పడగానే ఎడమ అద్దం పనికిరాకుండా పోతుంది. అందులో ట్రైలర్ ఉండదు, ఖాళీ యార్డే కనబడుతుంది. అయినా ప్రతి రెండు మూడు మీటర్లకూ అటొకసారి చూడాలి. కారణం కిందికి వస్తే చెప్తాను.

కుడి అద్దంలో ట్రైలర్ పక్కగోడ వెడల్పుగా పరుచుకుంటూ, వెనక మూల అద్దం బయటి అంచు వైపు జరుగుతుంటుంది. ఒక దశలో ఆ మూల అద్దంలోంచి తప్పుకుంటుంది. అది ఎన్ని డిగ్రీల దగ్గరన్నది బండిని బట్టి, మీ సీటును బట్టి మారుతుంది. ఖాళీ చోట ఒకసారి మడతపెట్టి, బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, కిందికి దిగి చూసుకోండి. ‘మూల అద్దం దాటింది అంటే నా బండికి ఇంత మడత’ అని తెలిసిపోతుంది. ఆ తర్వాత కిటికీ దించి తల తిప్పి చూడటమే.

కొత్తవాళ్ల చూపు తోక మూలకే అతుక్కుపోతుంది. దానికంటే ట్రైలర్ వెనక టైర్లను చూడటం నేర్చుకోండి. ట్రైలర్ తిరిగేది ఇరుసుల దగ్గర. టైర్లు ఎక్కడ దొర్లుతున్నాయో తెలిస్తే మిగతా బండి ఎటు వస్తుందో తెలుస్తుంది. ఇరుసులకు వెనక మిగిలిన భాగం మాత్రం వంపులో అడ్డంగా ఊగుతుందని మరిచిపోవద్దు.

బేలోకి

బేలు మీ కుడివైపు వరసగా ఉన్నాయి. వాటికి సమాంతరంగా నెమ్మదిగా ముందుకు రండి. మీ బే భుజం దాటగానే స్టీరింగ్ ఎడమకు కొట్టి, ముక్కు బేలకు దూరంగా తిప్పండి. తర్వాత సరిచేసుకుని ఇంకాస్త ముందుకు పోతే మొత్తం బండి ఏటవాలుగా, రమారమి 45 డిగ్రీల్లో నిలుస్తుంది. తోక బే వైపు చూస్తుంటుంది. ఇలా నిలబెట్టడానికి ఒక నిమిషం ఎక్కువైనా పరవాలేదు. వెనక్కి వస్తూ తిరగాల్సిన 90 డిగ్రీల్లో సగం ఇక్కడే, ముందుకు పోతూనే తీరిపోయింది. ఇక్కడ తొందరపడితే వెనక్కి వచ్చేటప్పుడు ఆ బాకీ వడ్డీతో కట్టాలి.

ఇప్పుడు దిగండి. బే చుట్టూ నడవండి. స్తంభం, గుంట, పైన వేలాడే తీగ, తెరిచి ఉన్న తలుపు, అన్నీ చూసుకుని రండి. రేడియో ఆపండి, రెండు కిటికీలు దించండి, హజార్డ్ లైట్లు వెయ్యండి. సైగలు చేసే మనిషి ఉంటే, ఆ మనిషి మీ అద్దంలో కనబడినంతసేపే బండి కదలాలి. కనబడకపోతే ఆగాలి. దీంట్లో బేరం లేదు.

రివర్స్ గేరు, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా ఐడిల్ మీదే కదలండి. స్టీరింగ్ ఎడమకు, అర చుట్టు. ఆగి చూడండి అనను కానీ, ఓపిక పట్టండి. తోక కుడికి తిరగడం మొదలవుతుంది. బే కుడి గీత మూలకూ మీ ట్రైలర్ కుడి వెనక మూలకూ మధ్య ఓ మీటరు ఉండేలా గురి పెట్టండి. ఆ పక్క మీకు కళ్లెదుట కనబడుతుంది కాబట్టి దాన్నే నమ్ముకోండి.

మడత 20, 25 డిగ్రీలకు రాగానే స్టీరింగ్ ఎడమ నుంచి వెనక్కి తెచ్చి కుడికి తిప్పడం మొదలుపెట్టండి. మీకు తొందరపడుతున్నట్టే అనిపిస్తుంది. కొత్తవాడికి ‘ఇంకా తొందర’ అనిపించిన చోటే సరైన చోటు. ట్రైలర్ బే గీతలకు సమాంతరం అయ్యాక తోక వెంట పోదాంలే అనుకుంటే పని చెడుతుంది, ఎందుకంటే మడత విప్పే ఆ కొన్ని మీటర్లలోనూ ట్రైలర్ తిరుగుతూనే ఉంటుంది. మడత సున్నా అవడం, ట్రైలర్ సమాంతరం అవడం రెండూ ఒకేసారి జరగాలి.

ఎడమ అద్దం సంగతి ఇప్పుడు. మీరు స్టీరింగ్ కుడికి కొట్టి వెనక్కి వస్తుంటే ముందు బండి ముక్కు ఎడమకు ఈడ్చుకుపోతుంది. కళ్లు వెనకే ఉంటాయి, ముక్కు పక్కన ఆపి ఉన్న బండి అద్దాన్ని పట్టుకుపోతుంది. రివర్స్‌లో జరిగే నష్టం వెనకే జరగాలని ఏమీ లేదు.

ముందుకు పోవడం తప్పు కాదు

గాడి తప్పారా, ఆగండి. స్టీరింగ్‌తో కుస్తీ పట్టొద్దు. ముందుకు పోండి. కర్రను మళ్లీ వేలాడదీసినట్టే. ముందు చక్రాలు నిటారుగా పెట్టి ముందుకు పోతే 30 డిగ్రీల మడత 10కి రావడానికి ఆ 7.7 మీటర్ల ట్రైలర్‌కు తొమ్మిది మీటర్లు కూడా అక్కర్లేదు. అయితే రెండు మీటర్లు ముందుకు, రెండు మీటర్లు వెనక్కి అని తచ్చాడితే ఏమీ మారదు. పోతే ఒక బండి పొడవు పోండి.

నలుగురు చూస్తుంటే ముందుకు పోవడానికి నామోషీ అనిపిస్తుంది, నాకు తెలుసు. పదేళ్ల అనుభవమున్న డ్రైవర్లను గమనించండి. ఇరుకు బేలో ఒకటి రెండుసార్లు ముందుకు పోయేవాళ్లే ఎక్కువ.

ఒక జాగ్రత్త. మూడు ఇరుసుల ట్రైలర్‌ను పెద్ద మడతతో తిప్పితే టైర్లు దొర్లకుండా పక్కకు ఈడ్చుకుంటాయి. కిర్రుమన్న చప్పుడు, నేలమీద నల్లచారలు దానివే. కాబట్టి బరువుతో ఉన్న బండి మీద సాధన వద్దు, ఖాళీ ట్రైలర్ తీసుకోండి.

ఈ వారం పని

బే జోలికి పోకముందు చుట్టు తిరగండి. 40 మీటర్లకు పైన ఇటూ అటూ ఖాళీ ఉన్న చోట, కుడివైపు 30 డిగ్రీల మడత పెట్టి, దాన్ని అలాగే నిలబెడుతూ వెనక్కి గుండ్రంగా తిరగండి. మడత నిజంగా ఆగితే ట్రైలర్ ఇరుసులు సుమారు 27 మీటర్ల వ్యాసమున్న చక్రం గీస్తాయి. చక్రం కుంచించుకుపోతుంటే మడత పెరుగుతోందని, విశాలమవుతుంటే విప్పుకుంటోందని అర్థం. రెండు పూర్తి చుట్లు ఆగకుండా తిరగగలిగిన రోజున కోన్లు పెట్టుకోండి. ట్రైలర్ వెడల్పు రెండున్నర మీటర్లు, కాబట్టి మొదట కోన్ల మధ్య 5 మీటర్లు ఉంచండి. వరసగా మూడుసార్లు తగలకుండా వస్తే 4కు, ఆ తర్వాత మూడున్నరకు తగ్గించండి. కోన్ తగిలిన ప్రతిసారీ దిగి, టైర్ల జాడ చూసి, ఎక్కడ ఆలస్యమైందో వెతకండి.

వచ్చే పాఠం ఎడమవైపు వంపు, అంటే క్లీనర్ వైపు. అక్కడ తోక మీకు కనబడదు. ఈలోగా ఎవరైనా ఎడమవైపు బే చూపించి ‘పెట్టెయ్’ అంటే, యార్డు చుట్టి వచ్చి దాన్ని మీ కుడివైపుకు తెచ్చుకోండి. చుట్టడానికి దారి లేకపోతే అద్దంలో కనబడేలా ఒక మనిషిని నిలబెట్టుకుని, ప్రతి మూడు మీటర్లకూ ఆగి దిగి చూడండి.