బంబు వెలిగించే ముందు పత్తి ఎక్కడుందో చూడండి

దీపావళి దాటిందంటే ఆదిలాబాద్, జైనథ్, బేల వైపు ఇంటికి పత్తి చేరడం, వాకిట్లో బంబు, అంటే కట్టెలతో నీళ్లు కాచే బాయిలర్, వెలగడం ఒకేసారి మొదలవుతాయి. పెన్‌గంగ అవతల ఊళ్లలోనూ అంతే. రేటు కోసం ఆపిన పత్తి ముందు గదిలో కప్పు దాకా ఉంటుంది, కిటికీ తెరిచే ఉంటుంది, బయట పొగగొట్టం నుంచి రవ్వలు లేస్తుంటాయి. అందుకే కొత్త బాయిలర్ పెట్టేవాళ్లు ముందు జాగా చూసుకోండి. చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి పొగ, రవ్వలు నైరుతికి పోతాయి, అటువైపు పత్తి గానీ గడ్డివాము గానీ ఉండకూడదు. ఆగ్నేయంలోనే పెట్టాలని వాస్తు చెప్పేవాళ్లుంటారు, పెట్టుకోండి, కానీ గాలి వాళ్ల మాట వినదు. గొట్టం చూరు కంటే పైకి లేవాలి, కొసకు ఇనుప జాలీ కట్టాలి. పొయ్యిలో పత్తికట్టె వేసేవాళ్లకైతే జాలీ తప్పనిసరి, అది భగ్గున మండి రవ్వలు ఎగరేస్తుంది. బాగా ఎండిన తుమ్మ మొద్దు నిదానంగా కాలుతుంది.

బాత్రూంలో, మూసిన వరండాలో మాత్రం వద్దే వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

ఇక అసలు టెన్షన్ పైపుల దగ్గర. పైన పోస్తే పక్క నుంచి వేడినీళ్లు వచ్చే పాత బంబుతో అంత భయం లేదు. మిద్దె మీది ట్యాంకుకు కలిపి, బాత్రూంలో నల్లా తిప్పితే వేడినీళ్లు రావాలనుకునే పెద్ద బాయిలర్‌కు మాత్రం పై భాగం నుంచి ఒక ఎయిర్ పైపు లేచి, ట్యాంకు నీటిమట్టం దాటి, కొస తెరిచి ఉండాలి. దానికి వాల్వ్ పెట్టకూడదు, నీళ్లు కారుతున్నాయని గుడ్డ కుక్కకూడదు. నీళ్లు కాగితే పెరుగుతాయి, ఆవిరైతే సుమారు 1600 రెట్లు పెరుగుతాయి, దారి మూసేస్తే ఆ ఒత్తిడంతా ఇనుము మీదే పడుతుంది. వెల్డింగ్ గట్టిగా ఉందని ధీమా పడొద్దు, ఎంత గట్టిగా ఆపితే అంత పెద్దగా పేలుతుంది. ప్లంబర్ ఎయిర్ పైపు దండగ అంటే ప్లంబర్‌నే మార్చండి. వేడినీళ్ల లైనుకు మామూలు పీవీసీ వేస్తే మెత్తబడి వంగిపోతుంది, బాయిలర్ దగ్గర జీఐ (జింకు పూత ఇనుప పైపు), ఆ తర్వాత వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు సీపీవీసీ వేయించండి.

మొదటి రోజు నిప్పు కంటే ముందు నీళ్లు. నిండా నింపి, ఒకసారి కడిగి వదిలేసి, మళ్లీ నింపి ఒక రాత్రి ఉంచితే కారే అతుకులు తెల్లారేసరికి తెలిసిపోతాయి. నల్లాలో నీళ్లు ఆగకుండా వస్తున్నాయని చూశాకే చిన్న మంట పెట్టండి, కిరోసిన్, డీజిల్ పోయకుండా. పెయింటు కాలిన వాసన వస్తుంది, పోతుంది. చల్లని ఇనుముకు ఆవిరి తగిలి లోపల చుక్కలు కారితే కంగారు వద్దు, నీళ్లు బాగా కాగాక కూడా కారుతుంటే అది లీకేజీయే. ఎప్పుడైనా నీళ్లు అయిపోయి బాయిలర్ ఖాళీగా కాలితే గబగబా చన్నీళ్లు పోయకండి, మంట తీసేసి పూర్తిగా చల్లారనివ్వండి.

పిల్లల బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు. బూడిద ఇనుప తట్టలోకే తీయండి, పైకి చల్లగా కనిపించినా లోపల బొగ్గు మర్నాటికీ రాజుకునే ఉంటుంది, నీళ్లు చల్లకుండా పెంటకుప్ప మీద, పత్తికట్టె మోపుల పక్కన పారబోయొద్దు.