ప్రింటర్ పోర్టు ద్వారా రెండు పాత కంప్యూటర్లను కలపడం

నెట్‌వర్క్ కార్డు గానీ యూఎస్‌బీ గానీ లేని 386, 486 ప్రాసెసర్ల పాత కంప్యూటర్లలో ఏళ్ల నాటి డీటీపీ ఫైళ్లు, దుకాణాల లెక్కలు ఇప్పటికీ చిక్కుకుపోయి ఉన్నాయి. వాటిని మరొక పాత కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి వెనుకవైపున్న ప్రింటర్ పోర్టే, అంటే ప్యారలల్ పోర్టే, చాలు. బిట్లను ఒక్కొక్కటిగా పంపే సీరియల్ పోర్టు గరిష్ఠంగా సెకనుకు 1,15,200 బిట్లు పంపుతుంది. ప్యారలల్ పోర్టు ఒకేసారి నాలుగు బిట్లు పంపగలదు కనుక పని చాలా త్వరగా తెములుతుంది.

ఈ పనిలో అసలు కష్టమంతా కేబుల్‌ది. రెండు కొసలా 25 పిన్నుల మగ కనెక్టర్లు ఉన్నంత మాత్రాన ఏ కేబుల్ అయినా సరిపోతుందనుకోకూడదు. ఒకటికి ఒకటి, రెండుకు రెండు అంటూ నేరుగా వెళ్లే కేబుల్‌లో ఒక పోర్టు పంపే తీగ రెండో పోర్టు పంపే తీగకే తగులుతుంది, దానివల్ల పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. ప్రింటర్ కోసం రూపొందిన ఈ పోర్టుకు సమాచారం పంపే తీగలు ఎనిమిది ఉన్నా, కాగితం అయిపోయిందనీ ప్రింటర్ ఖాళీగా లేదనీ తెలుసుకోవడానికి ఏర్పరచిన, లోపలికి వచ్చే తీగలు అయిదే. అందుకే ఒక్కో దిశలో అయిదేసి తీగలు వాడుకుంటాం. వాటిలో నాలుగు సమాచారాన్ని మోస్తాయి, అయిదవది ‘పంపాను, అందింది’ అనే సంకేతానికి ఉపయోగపడుతుంది. ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు, రెండు సగాలుగా వెళుతుంది.

టంకం వేయడం వచ్చినవారు దీనిని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. మొదటి కనెక్టర్‌లోని 2వ పిన్నును రెండవ కనెక్టర్‌లోని 15కు, 3ను 13కు, 4ను 12కు, 5ను 10కి, 6ను 11కు కలపాలి. తరువాత ఇవే జతలను తిరగేసి, మొదటి కనెక్టర్‌లోని 15ను రెండవదానిలోని 2కు, 13ను 3కు, 12ను 4కు, 10ని 5కు, 11ను 6కు కలపాలి. చివరగా గ్రౌండ్ కోసం 25ను 25కే కలపాలి. మొత్తం పదకొండు తీగలు. పొడవు రెండు మూడు మీటర్లు దాటకపోవడం మేలు. పిన్నుల అంకెలు కనెక్టర్ ప్లాస్టిక్ మీదే సన్నగా ముద్రించి ఉంటాయి, వెనుకనుంచి చూసినప్పుడు వరస తారుమారవుతుంది కనుక భూతద్దం పెట్టుకునైనా వాటినే చదవండి. పదకొండు జతలనూ, పక్కపక్క పిన్నులు అంటుకోలేదన్న సంగతినీ మల్టీమీటర్‌తో నిర్ధారించుకోకుండా కేబుల్‌ను కంప్యూటర్‌కు తగిలించవద్దు.

తగిలించేటప్పుడు రెండు కంప్యూటర్లూ ఆపివేసి ఉండాలి. ఎర్త్ సరిగా లేని పాత ఇళ్లలో రెండు యంత్రాల మధ్య వోల్టేజి తేడా ఏర్పడి పోర్టును దెబ్బతీయవచ్చు. అందువల్ల రెండింటికీ ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. డీటీపీ యంత్రాల్లో ప్రింటర్ పోర్టుకు సాఫ్ట్‌వేర్ తాళంగా చిన్న హార్డ్‌వేర్ లాక్ తగిలించి ఉండవచ్చు. దానిని తీసి భద్రంగా దాచండి, ఎందుకంటే అది పోతే ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరుచుకోదు.

ఇక సాఫ్ట్‌వేర్. విండోస్‌కు ముందునాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఎమ్మెస్ డాస్ 6 తో ఇంటర్‌లింక్, ఇంటర్‌సర్వర్ అనే రెండు ప్రోగ్రాములు వస్తాయి. డాస్‌లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు మించకూడదు కనుక మొదటిదాన్ని ‘ఇంటర్’ స్పెల్లింగ్ తరువాత ఎల్, ఎన్, కె అనీ, రెండవదాన్ని ఎస్, వి, ఆర్ అనీ టైపు చేయాలి. ఫైళ్లు ఉన్న పాత యంత్రాన్ని సర్వర్‌గా, అంటే ఫైళ్లు అందించేదిగా, ఉంచడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే డాస్ మొదలయ్యేటప్పుడు చదివే దాని కాన్ఫిగ్ ఫైలును ముట్టుకోవలసిన అవసరం రాదు. రెండవ ప్రోగ్రామును ఫ్లాపీ మీద తీసుకువెళ్లి నడిపితే సరిపోతుంది, అక్కడ డాస్ 3 ఉన్నా పనిచేస్తుంది. ఫైళ్లను అందుకునే యంత్రంలో మాత్రం కాన్ఫిగ్ డాట్ సిస్ ఫైలు చివర ‘డివైస్’తో మొదలయ్యే వరుసగా ఇంటర్‌లింక్‌ను చేర్చి, యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి. చివరనే ఎందుకంటే, ముందు చేరిస్తే మిగతా డ్రైవుల అక్షరాలు మారిపోవచ్చు. సర్వర్ తెరమీద ఏ అక్షరం ఏ డ్రైవుకు సరిపోతుందో కనిపిస్తుంది. ఆ అక్షరంతో మామూలు కాపీ ఆదేశాలు ఇవ్వవచ్చు. ఫార్మాట్, చెక్‌డిస్క్, డిస్క్‌కాపీ వంటివి మాత్రం ఆ డ్రైవుల మీద పనిచేయవు. పని పూర్తయ్యాక సర్వర్‌లో ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే బయటకు వస్తుంది.

రెండింటిలోనూ విండోస్ 95 లేదా 98 ఉంటే ఇదే కేబుల్‌తో, యాక్సెసరీస్‌లోని డైరెక్ట్ కేబుల్ కనెక్షన్‌ను వాడవచ్చు. రెండింటిలో ఒకే ప్రోటోకాల్ (కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి), ఒకే వర్క్‌గ్రూపు పేరు, వేర్వేరు కంప్యూటర్ పేర్లు ఉండాలి. ఫైళ్లు ఇచ్చేదాన్ని హోస్ట్‌గా, అందుకునేదాన్ని గెస్ట్‌గా ఎంచుకుని, హోస్ట్‌లో కావలసిన ఫోల్డరును ముందే షేర్ చేయాలి.

కలవకపోతే బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో, పోర్టు ఆపివేసి ఉందేమో చూడండి, మోడ్‌ను నార్మల్ లేదా ఎస్‌పీపీ (మామూలు ప్యారలల్ పోర్టు) కి మార్చి మళ్లీ ప్రయత్నించండి. యూఎస్‌బీ నుంచి ప్రింటర్‌కు వెళ్లే అడాప్టర్ ఇక్కడ ఉపయోగపడదు, అది ప్రింటరుతో మాత్రమే మాట్లాడుతుంది.