గండికోట చూసిన కళ్లతో ఎల్ట్జ్ కోట చూడండి

జమ్మలమడుగు నుంచి జర్మనీకి చదువుకు పోయిన నా విద్యార్థులకు ఒక మాట. బుర్గ్ ఎల్ట్జ్‌కు, అంటే ఎల్ట్జ్ కోటకు, పోతే వెంటనే లోపలికి దూరకండి. ముందు బండను చూడండి. గండికోటకు పెన్నా లోయ కాపలా కదా, ఇక్కడ ఎల్ట్జ్‌బాఖ్ వాగు 70 మీటర్ల బండను మూడు వైపులా చుట్టి పోతుంది. కోట ఆకారాన్ని నిర్ణయించింది ఆ బండే.

తర్వాత ముంగిట్లో నిలబడి తల ఎత్తండి. 1268 నాటికే కోట సొంతదారులైన ఎల్ట్జ్ వంశపు అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారు, కోట మాత్రం ఒక్కటే. ఆ ఇరుకులోనే మూడు శాఖలూ ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకున్నాయి. పక్కకు జాగా లేక ఇళ్లు పైకి లేచాయి. పాత ప్లాట్‌ఎల్ట్జ్ బురుజునూ, 1472లో పూర్తయిన ర్యూబెనాఖ్ శాఖ ఇంటినీ పోల్చి చూడండి. వందల ఏళ్ల తేడా గోడల్లోనే కనిపిస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే.

ఎదురు గుట్ట మీది ట్రుట్జ్‌ఎల్ట్జ్ శిథిలాన్ని వదలొద్దు. 1331లో ఎల్ట్జ్ వాళ్లతో మొదలైన గొడవలో ట్రియర్ ఆర్చ్‌బిషప్ (క్రైస్తవ మతాధిపతి) బాల్డుయిన్ ఈ కోట ముట్టడి కోసం కట్టించింది అది.

కోట ఇప్పటికీ ఆ వంశానిదే. లోపలికి గైడ్‌తోనే పోవాలి, ఫోటోలు తీయనివ్వరు. చలికాలంలో మూసేస్తారు, తేదీలు చూసుకుని బయలుదేరండి. మోజెల్‌కెర్న్ స్టేషన్‌లో దిగి అడవి దారిన నడవండి.