ఓటీ గౌన్లలోంచి తడి దిగుతోందా? బట్ట మార్చే ముందు నీళ్లు చూడండి

సమస్య: ఆపరేషన్ మధ్యలో సర్జన్ ముంజేతుల దగ్గరో పొట్ట దగ్గరో గౌను తడిసి లోపలి బట్టకు అంటుకుంటోంది. థియేటర్ సిస్టర్ ఫోన్ చేసి గౌన్లు పాడైపోయాయంటుంది. లాండ్రీవాళ్లు టెన్షన్ పడిపోయి కొత్త లాటుకు ఆర్డర్ పెట్టేస్తారు. పాత లాటును ఓటీ నుంచి వెనక్కి తెప్పించడం మాత్రం ఆ రోజే జరగాలి. తడిసిన గౌనులోంచి రక్తం సర్జన్ ఒంటికి తగులుతుంది, ఒంటి మీది క్రిములు రోగి గాయంలోకీ పోతాయి. తెప్పించాక పారేయకండి, పరీక్ష చేయండి.

ఆ పరీక్షకు డ్రాపర్ చాలు. అయినా చేసేవాళ్లు తక్కువ. గౌను బల్ల మీద పరిచి ఛాతీ మీద, ముంజేతుల మీద నాలుగైదు నీటిబొట్లు వేసి ఐదు నిమిషాలు ఆగండి. తామరాకు మీద నిలిచినట్టు బొట్టు గుండ్రంగా నిలిస్తే ఫినిష్ (బట్టకు తడి దిగకుండా ఫ్యాక్టరీలో వేసే పూత) బాగానే ఉంది. అప్పుడు గౌనును వెలుతురుకు అడ్డంగా పట్టి కుట్లు, సన్నచిల్లులు వెతకండి. బొట్టు పరుచుకుని బట్ట ముదురు రంగుకు తిరిగితే అసలు కథ అక్కడే ఉంది. ఇదంతా దగ్గర నేత పాలిస్టర్ గౌన్ల సంగతి. నూలు గౌను తడిస్తే ఎటూ ఆపదు, రక్తం ఎక్కువ పోయే ఆపరేషన్లకు దాన్ని పంపనే కూడదు.

బొట్టు పరుచుకోగానే ఫినిష్ అరిగిపోయిందని తేల్చేస్తారు. గౌను అంచున ఉతుకుల లెక్కకు గళ్ల పట్టీ ఉంటుంది కదా, ముందు అది చూడండి. చాలామంది తయారీదారులు 75 ఉతుకుల దాకా పనికొస్తుందంటారు. పట్టీలో 30 గళ్లు కూడా నిండకుండానే బొట్టు దిగుతోందంటే చాలావరకు అరిగిపోయి కాదు, సబ్బు మిగిలిపోయి. తడిని బట్టలోకి లాగడమే డిటర్జెంట్ పని. జాడింపులో పూర్తిగా పోకపోతే ఫినిష్ కింద చక్కగా ఉన్నా పైనున్న సబ్బు నీళ్లను లోపలికి లాగేస్తుంది.

డోసు మారలేదు, మెషిన్ మారలేదు, మరి సబ్బు ఎందుకు మిగిలింది? మన గోదావరి డెల్టాలో అయితే ఇది ఏ నెలలో మొదలైందో అడగండి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పటిదాకా కాలువ నీళ్లతో నడిచిన యూనిట్ బోరుకు మారుతుంది. నరసాపురం, రాజోలు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా (కాల్షియం లాంటి లవణాలు ఎక్కువగా) ఉంటాయి. నీళ్లలోని కాల్షియం డిటర్జెంట్‌ను తినేస్తుంది, మరక వదలడం లేదని ఆపరేటర్ ఇంకో కప్పు వేస్తాడు. అదీ, సున్నపు తెట్టూ కలిసి బట్టకు పట్టేస్తాయి.

"మాకు సాఫ్టెనర్ (నీటి గట్టితనం తీసే యంత్రం) ఉందండీ" అంటారు. నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. పాలకొల్లు వైపు ఒక యూనిట్‌లో పొద్దున ఉతికిన గౌన్లకు ఫిర్యాదు లేదు, మధ్యాహ్నం తర్వాతి లోడ్లకే ఉంది. రెండూ ఒకే లాటు, ఒకే మనిషి, ఒకే సబ్బు. సాఫ్టెనర్‌కు రాత్రిపూట ఒక్కసారే ఉప్పునీళ్లు పెట్టి రీజనరేట్ చేస్తున్నారు, అంటే దాని శక్తిని మళ్లీ నింపుతున్నారు. ఆ లెక్క కాలువ నీళ్లకు కట్టింది. నీటి గట్టితనం లీటరుకు 100 మిల్లీగ్రాముల నుంచి 400కు పెరిగితే రోజంతా రావాల్సిన సాఫ్టెనర్ పావు రోజుకే చేతులెత్తేస్తుంది. నీళ్లలో కరిగిన మొత్తం లవణాలను చూపే టీడీఎస్ మీటర్‌తో ఇది ఎంత చూసినా దొరకదు. సాఫ్టెనర్ కాల్షియం తీసి సోడియం వదులుతుంది కాబట్టి, బాగా పనిచేస్తున్నప్పుడూ ఆ అంకె దాదాపు అంతే ఉంటుంది. హార్డ్‌నెస్ కిట్‌తోనే చూడాలి, అదీ పొద్దున కాదు, సాయంత్రం ఆఖరి లోడ్ అప్పుడు, జాడింపు నీళ్లు మెషిన్‌లోకి వెళ్లే గొట్టం దగ్గర.

సబ్బా, అరుగుదలా అన్నది ఇంకా తేలకపోతే, గౌనులో అరచేతంత మేర మంచినీళ్ల టిన్నులోని ఆర్వో నీళ్లతో నాలుగుసార్లు జాడించి, ఆరబెట్టి, ట్యాగ్ మీద రాసిన వేడిలో ఇస్త్రీ చేసి మళ్లీ బొట్టు వేయండి. అక్కడ మాత్రమే బొట్టు నిలిచిందా? గౌను బతికే ఉంది. లాటు మొత్తాన్ని డిటర్జెంట్ లేకుండా, సాఫ్టెనర్‌లోంచి వచ్చిన వేడినీళ్లలో తిప్పి, రెండు జాడింపులు అదనంగా ఇచ్చి, ఆఖరి నీళ్లలో ఎసిటిక్ యాసిడ్ సోర్ (సబ్బు క్షారాన్ని విరిచే పుల్లటి ద్రవం) కలపండి. తర్వాత డ్రైయర్‌లోనే ఆరబెట్టండి. ఆ వేడి తగిలితేనే ఫినిష్ మళ్లీ సరిగా పనిచేస్తుంది. కరెంటు కలిసొస్తుందని డాబా మీద దండేనికి వేస్తే సగం పనే అవుతుంది. సాఫ్టెనర్ రీజనరేషన్‌ను బోరు లెక్కకు మార్చి, డోసు పాత కొలతకు తగ్గించాకే రోజువారీ లోడ్లు మొదలుపెట్టండి. అరచేతి మేర కూడా బొట్టు నిలవకపోతే ఆ గౌను ఓటీకి ఇక పనికిరాదు.

గంజి, బట్టలు మెత్తబడే లిక్విడ్ ఈ గౌన్లకు తగలనే కూడదు. రెండూ ఫినిష్‌ను చంపేస్తాయి.

ఉతికాక గోధుమరంగు మరకలు వస్తే రక్తం అనుకోకండి. క్లోర్‌హెక్సిడిన్ (చర్మం మీది క్రిములను చంపే మందు) పడిన బట్టకు క్లోరిన్ బ్లీచ్ తగిలితే వచ్చే మరక అది, ఇక పోదు. బ్లీచ్ మానేసి పెరాక్సైడ్ వాడండి. నిజంగా రక్తపు మరకే అయితే మొదటి నీళ్లు వేడిగా పోశారన్నమాట. చన్నీళ్లతో మొదలుపెట్టండి.

ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే యంత్రం)లోంచి ప్యాకులు తడిగా వస్తే గౌన్లు బిగించి కుక్కారేమో చూడండి. ప్యాకుల మధ్య చెయ్యి దూరాలి, ఆరే టైము కోయకూడదు, తడి ప్యాక్ స్టెరైల్ కాదు. పసుపు చారలు బోరులోని ఇనుము వల్ల. వరదల్లో ఎర్రనీళ్లొచ్చినప్పుడు తెలుపు మాసితే ఫిల్టర్ కడగండి. ఫ్యాక్టరీలోనే ఫినిష్ తప్పిన లాటు చాలా అరుదు. ఉతకని కొత్త గౌను మీద బొట్టు వేస్తే అదీ తేలిపోతుంది.