చెట్టెక్కినవాడెవడో వెతకండి: పాత సైన్స్ ఫిక్షన్ హారర్ సినిమాలు ఎలా చూడాలంటే

ముందు ఒక హెచ్చరిక. అన్నం తింటూ ‘ఏలియన్’ పెట్టకండి. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ఈ సినిమాలో అందరూ జోకులేసుకుంటూ భోంచేస్తుంటే ఒకడి ఛాతీ చీల్చుకుని బయటికొస్తుంది ఆ జీవి. తిరుపతిలో మా ఇంట్లో మొదటిసారి చూసినప్పుడు సంగటి ముద్ద నా చేతిలోనే ఎండిపోయింది, మా అవ్వేమో “ఏమిరా, పులుసు బాగలేదా?” అంటోంది. (ఇక కథలు బయటపెట్టేస్తా, చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.)

భయం కోసమే చూస్తే ఒక్కసారితో సరి. రెండోసారి కూడా పట్టి కూర్చోబెట్టాలంటే పంచతంత్రంలో సింహం కథ గుర్తుపెట్టుకోండి. అడవిలో ఎముకలు కనిపిస్తే ఒక పండితుడు పేరుస్తాడు, ఇంకొకడు కండా చర్మం తొడుగుతాడు, మూడోవాడు ప్రాణం పోయబోతాడు. చదువురాని నాలుగోవాడు మాత్రం “ఒక్క నిమిషం ఆగండి, నేను చెట్టెక్కుతా” అంటాడు. సింహం లేచి ఆ ముగ్గుర్నీ చంపేస్తుంది, మిగిలేది చెట్టెక్కినవాడే. 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నుంచి చాలా సినిమాలు ఈ నాలుగోవాడి చుట్టూ తిరిగేవే. మీ పని వాణ్ణి పట్టుకోవడం, వాడి మాట ఎవరు, ఎందుకు తోసిపుచ్చారో చూడటం.

‘ఏలియన్’లో ఆ నాలుగోవాడు కనిపించేది అంతరిక్ష ఓడ తలుపు దగ్గర. ముఖానికి ఏదో జీవి కరుచుకున్న మనిషిని మోసుకొచ్చి, తలుపు తీయమని బయటి నుంచి కెప్టెన్ అరుస్తాడు. క్వారంటైన్ పూర్తికాకుండా తీయనంటుంది లోపలున్న రిప్లీ. ఇక్కడ పాజ్ కొట్టి, పక్కనున్నవాళ్లను మీరైతే ఏం చేస్తారని అడగండి. మా తమ్ముడు “ఏందన్నా, ఈమెకు మనసే లేదా?” అన్నాడు, నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. ఇంతలో ఓడలో సైన్స్ ఆఫీసరైన యాష్ తలుపు తీసేస్తాడు. జాలిపడి కాదు. జీవిని తెచ్చివ్వాలి, సిబ్బంది పోయినా పర్లేదన్నది కంపెనీ ఆర్డరని తర్వాతెప్పుడో తెలుస్తుంది. చూశారా, పొగరంతా ఓడలో కనిపించని ఆఫీసులో ఉంది, చచ్చింది మాత్రం జీతగాళ్లు. ఏడుగురిలో మిగిలింది రిప్లీ ఒక్కతే, ఆమె పిల్లితో.

రెండోది జాన్ కార్పెంటర్ తీసిన ‘ద థింగ్’ (1982). దీన్ని గుంపుగా చూడండి. 2023లో అలిపిరి మెట్లదారిలో చిరుత ఒక పాపను చంపేశాక భక్తుల చేతికి కర్రలిచ్చి గుంపులుగా పంపారు కదా, ఏడో మైలు దగ్గర ఆకు కదిలితే చాలు ముక్కూమొహం తెలియనివాళ్లం కూడా ఒకరికొకరం దగ్గరికి జరిగిపోయేవాళ్లం. మనిషికి ఉన్న పాత అలవాటు అది. ఈ సినిమా సరిగ్గా దాన్నే విరగ్గొడుతుంది. అంటార్కిటికాలో పన్నెండుమంది, దాపురించిన జీవేమో ఎవరి రూపమైనా ఎత్తగలదు, కాబట్టి పక్కనున్నవాడే చిరుత కావచ్చు. కాల్చిన తీగతో ఒక్కొక్కరి రక్తం పరీక్షించే సీన్‌లో రాక్షసి కోసం చూడకండి, తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్ల మొహాలు చూడండి.

‘ద ఫ్లై’ (1986) చివరికి ఉంచుకోండి. అందులో శాస్త్రవేత్త తాగి, అసూయతో, మనిషిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే తన యంత్రంలోకి తనే దూరతాడు, వెంట ఈగ ఉందని చూసుకోడు, మెల్లగా తనే ఈగలా మారిపోతాడు. ఎక్కడానికి చెట్టే లేదు పాపం. మూడింటిలో నాకు బాధేసింది దీనికే.

డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్స్‌తో చూడండి, ఫ్యాన్ తగ్గించండి, ఎందుకంటే ఈ సినిమాల్లో సగం భయం నిశ్శబ్దంలోనే ఉంటుంది. ఇంకొకటి, ‘ద థింగ్’ మొదలయ్యేదే మంచులో పరిగెత్తుకొచ్చే ఒక కుక్కతో. అది చూసిన రాత్రి గేటుకు తాళం వేద్దామని బయటికెళ్తే మా వీధి కుక్క చప్పుడు లేకుండా నిలబడి నన్నే చూస్తోంది. రోజూ దగ్గర కూర్చుని అన్నం పెట్టే కుక్కే. ఆరోజు మాత్రం గేటు లోపల్నుంచే ముద్ద విసిరేశా.